తుపాకీ సేఫ్‌లో చెమ్మ: చెన్నై లెక్క వేరు

క్లుప్తంగా: తుపాకీ సేఫ్ లోపల 21 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ ఉండాలన్నది తరచూ వినిపించే సలహా. అది చల్లని దేశాల ఇళ్లకు సరిపోయే మాట. చెన్నైలో ఆ ఉష్ణోగ్రతను నిలబెట్టడం కష్టం, అవసరం కూడా లేదు. ఇక్కడ తుప్పుకు కారణాలు మూడు: సముద్రపు గాలిలోని ఉప్పు, ఏసీ ఆపాక చల్లటి ఇనుము మీద పట్టే చెమ్మ, కర్ర, తోలు, గుడ్డ లోపల దాచుకున్న నీరు. సేఫ్‌ను వేడి చేయడం కన్నా సందులు మూయడం, తేమను పీల్చే సిలికా జెల్ గింజలను వేళకు ఆరబెట్టడం, తలుపు ఎప్పుడు తెరవాలో తెలిసి తెరవడం ఎక్కువ మేలు చేస్తాయి.

అనంతపురంలోనో కడపలోనో తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ చెక్క అలమరలో ఏళ్ల తరబడి ఉన్నా పెద్దగా చెడదు. అదే తుపాకీ వారసత్వంగా, లైసెన్స్ లాంఛనాలన్నీ ముగించుకుని చెన్నైలోని మనవడి ఇంటికి వస్తుంది. బాగా ఖర్చు పెట్టి కొన్న ఉక్కు సేఫ్‌లో దాన్ని పెడతారు. రెండు ముసురు కాలాలు గడిచేసరికి గొట్టం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. చెక్క అలమరలో రాని తుప్పు ఇనుప సేఫ్‌లో ఎందుకు వచ్చిందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. సేఫ్ నాసిరకమని కొందరు, నూనె మంచిది కాదని కొందరు అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ కారణం కాదు. ఊరు మారింది, గాలి మారింది, దాచే పద్ధతి మాత్రం మారలేదు.

లైసెన్స్ ఉన్న ఆయుధాన్ని ఇతరుల చేతికి అందకుండా భద్రంగా దాచే బాధ్యత యజమానిదే. 2016 ఆయుధాల నిబంధనలు కూడా భద్రమైన నిల్వకు హామీ కోరుతున్నాయి. 2019 చట్ట సవరణ ఒక వ్యక్తి వద్ద ఉండదగ్గ తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. కాబట్టి ఉన్న ఒకటో రెండో తుపాకులను గట్టి సేఫ్‌లో పెట్టి తాళం వేయడమే సరైన పని. కానీ దొంగను ఆపడానికి తయారైన పెట్టె నీటి ఆవిరిని కూడా ఆపుతుందని అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది.

గాలిలో ఉన్న నీరు, ఇనుము మీద చేరే నీరు

తేమ శాతం అనే అంకె ఒక్కటే చూస్తే మోసపోవచ్చు. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని, 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములను పట్టుకుంటుంది. అందులో నిజంగా ఎంత ఉందో చెప్పేదే తేమ శాతం. కాబట్టి నీరు ఏమాత్రం పెరగకపోయినా, గాలి చల్లబడితే చాలు, ఈ శాతం పెరుగుతుంది.

చల్లబడుతూ పోతే ఒక చోట అది నూటికి చేరుతుంది. ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. అంతకన్నా చల్లగా ఉన్న వస్తువు మీద గాలిలోని ఆవిరి నీరై పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చడం ఇదే. గాలి 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమతో ఉంటే డ్యూ పాయింట్ 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెన్నైలో ఇది అరుదైన స్థితి కాదు. ఏడాదిలో చాలా నెలలు డ్యూ పాయింట్ 24, 26 డిగ్రీల మధ్య తిరుగుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తేమ శాతం తగ్గినట్టు కనిపించినా గాలిలోని నీరు తగ్గదు. ఎండ వల్ల శాతం మాత్రమే తగ్గుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగేసరికి ఆ ఉక్కపోత మళ్లీ తెలుస్తుంది.

అనంతపురం గాలికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ వేసవిలో ఇనుము కాస్త చల్లబడినా దాని మీద నీరు పట్టదు. చెన్నైలో ఇనుము ఏ కారణం వల్లనైనా రెండు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, నీటి పొర పట్టే పరిస్థితి వస్తుంది.

కంటికి నీటి చుక్క కనిపించే దాకా తుప్పు ఆగదు. తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము మీద తుప్పు ఒక్కసారిగా వేగం అందుకుంటుందని 1930ల నాటి బ్రిటిష్ శాస్త్రవేత్త వెర్నన్ ప్రయోగాలు చూపించాయి. గాలి కలుషితమైతే ఆ వేగం మరీ ఎక్కువ. 50 శాతం అనే లక్ష్యానికి ఆధారం అదే: అరవైకి చేరకుండా కాస్త ఎడం పాటించడం. తుపాకీ గొట్టానికి ఉండే నీలి నలుపు రంగు, అంటే బ్లూయింగ్, పెయింట్ లాంటి మందపు పూత కాదు. అది కూడా అదుపులో పెట్టిన ఇనుప ఆక్సైడే. పైన నూనె ఉన్నంత వరకే అది కాపాడుతుంది.

ఏసీ గది తెచ్చే చిక్కు

సేఫ్‌ను చాలామంది పడకగదిలో పెడతారు. భద్రత రీత్యా అది మంచిదే. చెన్నైలో పడకగది అంటే రాత్రి ఏసీ, పగలు తెరిచిన కిటికీలు. ఈ రెంటి మధ్య జరిగేదాన్ని కాస్త నిదానంగా చూడాలి.

రాత్రంతా గది 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏసీ గాలిని చల్లబరుస్తూనే అందులోని నీటిని పైపు ద్వారా బయటికి పంపేస్తుంది. అప్పుడు గదిలో డ్యూ పాయింట్ 14 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ సమయంలో సేఫ్ చల్లగా ఉన్నా భయం లేదు. తెల్లవారి ఏసీ ఆపి కిటికీలు తీయగానే 26 డిగ్రీల డ్యూ పాయింట్ ఉన్న గాలి గదిలో నిండుతుంది. గది గాలి పావుగంటలో వేడెక్కుతుంది. రెండు వందల కిలోల ఉక్కు అంత త్వరగా వేడెక్కదు. నిప్పును తట్టుకునే లైనింగ్ ఉంటే లోపలి భాగం గంటల తరబడి రాత్రి చల్లదనాన్నే పట్టుకుని ఉంటుంది. సరిగ్గా ఆ వేళలో తలుపు తీస్తే తేమ గాలి లోపలికి పోయి, ఇంకా 24 డిగ్రీల దగ్గరే ఉన్న గొట్టాల మీద సన్నని పొరలా కూర్చుంటుంది. ఏసీ కారులోంచి దిగగానే కళ్లద్దాలు మసకబారడం చెన్నైలో అందరికీ అనుభవమే. కళ్లద్దాలను తుడుచుకుంటారు. గొట్టం లోపలి వైపు ఎవరూ తుడవరు.

దీనికి ఖర్చు లేని మార్గం ఒకటి ఉంది. ఏసీ నడుస్తున్నప్పుడు, గది బాగా పొడిబారాక, రాత్రి పూట సేఫ్ తెరవాలి. తుడవడం, నూనె పట్టించడం అప్పుడే చేయాలి. ఉదయం కిటికీలు తీశాక తెరవకూడదు. షూటింగ్ క్లబ్‌కు బయలుదేరేవారు తుపాకీని మూసిన సంచీలోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీస్తే మంచిది.

ఏసీ ఎప్పుడూ వాడని గదిలో ఈ సమస్య తక్కువ. అక్కడ ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్నా నిలకడగా ఉంటుంది. రోజూ చల్లబడి వేడెక్కే సేఫ్ కన్నా ఎప్పుడూ 32 డిగ్రీల దగ్గర ఉండే సేఫే తుపాకీకి మేలు. పడమటి గోడకు ఆనించి పెట్టడం మాత్రం ఏ గదిలోనూ పనికిరాదు. లోపలి గోడ పక్కన, నాలుగు వేళ్ల ఎడంతో, నేలకు తగలకుండా పీట మీద ఉండాలి.

పెట్టెలో నీరు ఎక్కడుంది?

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, అర మీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న సేఫ్‌లో 300 లీటర్ల గాలి పడుతుంది. అది 30 డిగ్రీలు, 80 శాతం తేమతో ఉంటే అందులోని నీరు సుమారు 7 గ్రాములు. దాన్ని 50 శాతానికి దించాలంటే తీయాల్సింది మూడు గ్రాముల లోపే, అంటే అర టీస్పూను నీరు. మందుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు కొన్ని వేస్తే చాలనిపిస్తుంది.

కానీ తుపాకీ కర్రను లెక్కలోకి తీసుకుంటే కథ మారుతుంది. 80 శాతం తేమలో చాలాకాలం ఉన్న కర్ర తన పొడి బరువులో 16 శాతం దాకా నీటిని పట్టుకుంటుంది. 50 శాతం తేమలో అది 9 శాతానికి దిగుతుంది. కిలో కర్ర ఉంటే తేడా అరవై, డెబ్భై గ్రాములు. లోపలి గాలి నుంచి తీయాల్సిన నీటికి అది ఇరవై రెట్లు పైనే. పైగా వార్నిష్ మీదుగా వారాల తరబడి మెల్లగా బయటికి వస్తుంది. సేఫ్ లోపలి మెత్తటి కార్పెట్, స్పాంజి, తోలు ఒర, బట్ట సంచి కూడా ఇలాగే చెమ్మను దాచుకుంటాయి. మొదటి నెలలో సిలికా జెల్ ఎంత వేసినా అంకె దిగడం లేదని చాలామంది నిరాశపడేది ఇందుకే. జెల్ పని చేస్తూనే ఉంటుంది, కర్ర నీళ్లు వదులుతూనే ఉంటుంది.

తోలు ఒర గురించి గట్టిగా చెప్పాలి. రివాల్వర్‌ను ఒరతో సహా సేఫ్‌లో పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. తోలు చెమ్మను పీలుస్తుంది. దాన్ని పదును చేయడంలో వాడిన లవణాలు, ఆమ్లాలు అందులో మిగిలే ఉంటాయి. వాటిని ఉక్కుకు అదిమి పెట్టి, గాలి తగలకుండా మూసేయడం తుప్పుకు పీట వేయడమే. ఒర వేరు, ఆయుధం వేరుగా ఉండాలి. లోపల స్పాంజి ఉన్న గట్టి పెట్టె మరీ ప్రమాదం. అందులో ఉంచి మళ్లీ సేఫ్‌లో పెడితే, సేఫ్‌లోని జెల్‌కు తుపాకీతో సంబంధమే ఉండదు.

సందుల సంగతి మరొకటి. పగలూ రాత్రీ మధ్య లోపల పది డిగ్రీల తేడా వస్తే 300 లీటర్ల గాలిలో సుమారు 10 లీటర్లు బయటికి పోయి, మళ్లీ లోపలికి వస్తాయి. సేఫ్ ఊపిరి తీస్తున్నట్టే. ఆ పది లీటర్లు తెచ్చే నీరు పావు గ్రాము. అది తక్కువే. తలుపు అంచుల సందు, నేలకు బిగించే బోల్టు రంధ్రాలు, వైరు కోసం చేసిన రంధ్రం ద్వారా వచ్చేది దానికన్నా చాలా ఎక్కువ. తలుపు చుట్టూ ఉండే అగ్ని సీల్ వీటిని ఆపుతుందని అనుకుంటారు. అది మంట వేడికి ఉబ్బి సందు మూసేలా తయారైంది. మామూలు రోజుల్లో ఆవిరిని ఆపదు. కిటికీలకు అతికించే రబ్బరు పట్టీని తలుపు అంచుకు వేసి, వాడని రంధ్రాలను మూస్తే జెల్ ఇంకా చాలా ఎక్కువ కాలం పని చేయవచ్చు.

అగ్ని నిరోధక లైనింగ్‌లో తరచూ వాడే జిప్సంలో బరువులో దాదాపు 21 శాతం నీరు బంధమై ఉంటుంది. మంటలో ఆ నీరు ఆవిరై వేడిని మింగుతుంది, రక్షణ అంతా దానిదే. గది ఉష్ణోగ్రతలో ఆ నీరు విడిపోదు. కానీ తడి మిశ్రమాన్ని పోత పోసి చేసిన కొత్త లైనింగ్‌లలో మిగులు తడి కొన్ని నెలలు ఉండవచ్చు. కొత్త సేఫ్ కొన్నవెంటనే తుపాకీ పెట్టకుండా, ఏసీ గదిలో తలుపు తీసి కొన్ని రాత్రులు ఆరనిస్తే మంచిది.

ఉప్పు ఉన్నచోట 50 శాతం చాలదు

సోడియం క్లోరైడ్, అంటే మన వంట ఉప్పు, తేమ 75 శాతం దాటితే గాలిలోని నీటిని లాగి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమ దగ్గరే నీటిని పట్టడం మొదలుపెడుతుంది. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్, రాయపురం లాంటి తీర ప్రాంతాల్లో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివారికి తెలుసు. ఆ గాలి తగిలిన గొట్టం మీద ఉప్పు రేణువు ఉంటే, తేమను కొలిచే హైగ్రోమీటర్ 45 శాతం చూపుతున్నా ఆ రేణువు చుట్టూ సూక్ష్మమైన తడి ఉంటుంది. చేతి చెమటలోనూ ఉప్పే ఉంది. వేలిముద్ర ఆకారంలోనే తుప్పు మచ్చ పడటం అందుకే.

కాబట్టి చెన్నైలో తేమను దించడం సగం పని. దాచే ముందు ఉప్పును తుడిచేయడం మిగతా సగం. నూనె గుడ్డతో పైపైన రాస్తే ఉప్పు నూనె కింద చిక్కుకుంటుంది. ముందు సాల్వెంట్‌తో పాత నూనె తీసి, నీటితో తడిపిన గుడ్డతో ఉప్పు తుడిచి, పూర్తిగా ఆరబెట్టాక పలుచగా గన్ ఆయిల్ రాయాలి. కొబ్బరి నూనె, ఇతర వంటనూనెలు వాడకూడదు. అవి గాలికి చిక్కబడి, పాడై, కదిలే భాగాలను పట్టేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుపాకీకి ఇవేవీ వర్తించవన్న నమ్మకమూ సరికాదు. క్లోరైడ్ ఆ ఉక్కునూ గుంటలు గుంటలుగా తింటుంది.

ఏ సాధనం ఏం చేస్తుంది?

అమెరికాలో ఎక్కువగా సిఫారసు చేసేది హీటర్ రాడ్. పది, ఇరవై వాట్ల మధ్య కరెంటు తీసుకునే సన్నని కడ్డీ అది. సేఫ్ అడుగున పెడితే లోపలి గాలిని కొద్దిగా వేడి చేసి తిప్పుతుంది. చల్లని బేస్‌మెంట్లో అది చక్కని ఉపాయం. చెన్నైలో 30 డిగ్రీలు, 80 శాతం ఉన్న గాలిని మూడు డిగ్రీలు వేడి చేస్తే తేమ 67 శాతానికి వస్తుంది. యాభైకి దించాలంటే లోపల 38 డిగ్రీలు ఉండాలి. రాడ్ ఒక్క గ్రాము నీటిని కూడా తీసివేయదు, శాతాన్ని మాత్రమే దించుతుంది. కరెంటు పోతే ఆ రక్షణా పోతుంది. అయినా రాత్రి ఏసీ, పగలు కిటికీలు అలవాటున్న గదిలో అది విలువైనదే: ఉక్కు డ్యూ పాయింట్ కిందికి పోకుండా కాపాడుతుంది. రాడ్‌కు బదులు మామూలు బల్బు వెలిగించి పెట్టడం అగ్ని ప్రమాదాన్ని ఇంట్లోకి పిలవడమే.

సిలికా జెల్ నీటిని నిజంగా పట్టుకుంటుంది. 50 శాతం తేమ దగ్గర అది తన బరువులో సుమారు ఐదో వంతు నీటిని మోస్తుంది. అంటే కిలో జెల్ రెండు వందల గ్రాములు. పైన చెప్పిన 300 లీటర్ల సేఫ్‌కు, సందులు మూశాక, అర కిలో నుంచి కిలో సరిపోతుంది. నిండిన జెల్‌ను వడియాల్లా మిద్దె మీద ఎండబెడితే చాలనుకుంటారు. చెన్నై ఎండలో గాలి కూడా తేమే కాబట్టి అది పూర్తిగా ఆరదు. ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచాలి. నీలం గింజలు నిండితే గులాబీ రంగుకు మారతాయి. వాటిలో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషపూరితం కాబట్టి వంట ఓవెన్‌లో పెట్టకూడదు. నారింజ రంగు రకం మేలు. రంగు కన్నా నమ్మకమైనది వంటింటి త్రాసు. పొడి జెల్ బరువు రాసిపెట్టుకుని, అది 15 శాతం పెరిగిన రోజు ఆరబెట్టాలి.

సూపర్ మార్కెట్లలో బట్టల బీరువాల కోసం అమ్మే డబ్బాలు, వేలాడదీసే సంచుల్లో ఎక్కువగా ఉండేది కాల్షియం క్లోరైడ్. అది జెల్ కన్నా ఎక్కువ నీటిని లాగుతుంది. చవక కూడా. కానీ లాగిన నీటిలో తానే కరిగి ఉప్పునీరవుతుంది. ఆ సంచి కారినా, డబ్బా ఒరిగినా క్లోరైడ్ ద్రవం నేరుగా ఉక్కు మీద పడుతుంది. పట్టుచీరల బీరువాకు అది సరిపోవచ్చు. తుపాకీ సేఫ్‌లో దానికి చోటు లేదు. రాళ్లుప్పు మూట పెట్టే పాత అలవాటుకూ ఇదే అభ్యంతరం. నాఫ్తలీన్ ఉండలు పురుగుల కోసమే, తుప్పును ఆపవు.

చెన్నైకి బాగా నప్పే సాధనం మరొకటి ఉంది, దాని గురించి ఇళ్లలో తక్కువ మందికి తెలుసు. అది వీసీఐ కాగితం. ఓడల్లో ఎగుమతయ్యే వాహన విడిభాగాలను ఇలాంటి కాగితంలోనో సంచుల్లోనో చుడతారు. అందులోని రసాయనం మెల్లగా ఆవిరై ఉక్కు మీద కంటికి కనిపించని పొరగా కూర్చుని తుప్పు చర్యను అడ్డుకుంటుంది. సముద్రం మీద వారాల ప్రయాణాన్ని తట్టుకునేలా చేసిన ఏర్పాటు ఇది. తేమ అదుపు తప్పిన రోజుల్లోనూ పని చేస్తుంది. సందులు మూసిన సేఫ్ కావాలి, ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. ఇందులో చుట్టే ముందు కూడా ఉప్పు తుడవాల్సిందే.

ఫొటోగ్రాఫర్లు లెన్సులకు బూజు పట్టకుండా వాడే ఎలక్ట్రానిక్ డ్రై క్యాబినెట్ తేమ అదుపులో వీటన్నిటికన్నా మెరుగు. కానీ గాజు తలుపు, పలుచని రేకుతో చేసిన అది ఆయుధానికి భద్రత ఇవ్వదు.

కొలిచే పరికరాన్నీ కొలవాలి

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఐదు శాతం అటూ ఇటూ చూపడం మామూలే. 55 అని చూపి నిజానికి 60 ఉంటే లెక్కంతా తప్పుతుంది. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేన్ని చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవరులో ఒక రాత్రి ఉంచితే అది 75 చూపాలి. 70 చూపితే ఎప్పుడూ ఐదు కలుపుకోవాలి. ఈ పరీక్ష సేఫ్ బయటే చేయాలి. మీటరును లోపల తుపాకీ ఎత్తులో, తలుపుకు దూరంగా పెట్టాలి. చెన్నైలో 45 నుంచి 55 మధ్య నిలిస్తే మంచి ఫలితమే. 35 కిందికి లాగితే పాత వాల్‌నట్ కర్ర బీటలు వారవచ్చు, మరలు వదులవుతాయి.

తూటాల సంగతి

తూటాలకు తేమ కన్నా వేడి ఎక్కువ హాని. లోపలి మందులోని నైట్రోసెల్యులోజ్ వేడిలో మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. ఎండ కాగే గదిలో, హీటర్ రాడ్ పక్కన వాటిని పెట్టకూడదు. ఇత్తడి తొడుగులకు మరో శత్రువు ఉంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపు శాలల దగ్గర నిల్వ చేసిన తూటాల తొడుగులు పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేలింది. అమ్మోనియా ఉన్న క్లీనింగ్ ద్రవాలను సేఫ్‌లో ఉంచకూడదనడానికి ఆ పాత అనుభవమే ఆధారం.

ముసురు, వరద, ఎన్నికలు

చెన్నై వానలో పెద్ద భాగం అక్టోబర్, డిసెంబర్ మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. జెల్‌ను సెప్టెంబర్ చివర ఆరబెట్టి, ముసురు రోజుల్లో వారానికొకసారి మీటరు చూడాలి. 2015 డిసెంబర్ వరదలు, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను కింది అంతస్తుల ఇళ్లలోకి నీళ్లు తెచ్చాయి. అగ్నిని తట్టుకునే సేఫ్ వరదను తట్టుకోదు. లోపలికి మురుగు చేరితే ముందు శుభ్రమైన నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, తుపాకులు బాగుచేసే, లైసెన్స్ ఉన్న ఆర్మరర్‌కు చూపించాలి. తడిసిన తూటాలను మళ్లీ వాడకుండా, వాటిని ఏం చేయాలో డీలర్‌ను గానీ పోలీసులను గానీ అడగాలి.

ఎన్నికల వేళ లైసెన్స్‌దారులు చాలామంది ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లోనో అధీకృత డీలర్ వద్దనో అప్పగిస్తారు. 2024లో ఎన్నికల కోడ్ మార్చి 16 నుంచి జూన్ 6 వరకు, దాదాపు 12 వారాలు, సరిగ్గా ఉక్కపోత కాలంలో అమల్లో ఉంది. అన్ని వారాలు అక్కడి తేమ యజమాని చేతిలో ఉండదు. ఇచ్చే ముందు ఉప్పు తుడిచి, మామూలు కన్నా మందంగా నూనె పట్టించి, వీలైతే వీసీఐ సంచిలో పెట్టి ఇవ్వాలి. తిరిగి వచ్చిన రోజు నేరుగా సేఫ్‌లోకి నెట్టకుండా, విప్పి, గొట్టం లోపల వెలుతురు వేసి చూసి, కర్రను ఏసీ గదిలో ఆరనిచ్చాకే లోపల పెట్టాలి. లేకపోతే మూడు నెలల చెమ్మ ఆ కర్రతో పాటే సేఫ్‌లోకి వస్తుంది.